సర్వర్‌ను తప్పుపట్టే ముందు అందుకునేవాళ్ళ సంగతి చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

"సర్వర్ సామర్థ్యం చాలకపోవడంతో మెసేజ్‌లు ఆలస్యమయ్యాయి" అనే వాక్యం పత్రికల్లో తరచూ చదువుతుంటాం. అధికారులు అలా చెప్తారు, విలేకరులు అలాగే రాస్తారు, ఆ తర్వాత ఇంకా పెద్ద సర్వర్ కొంటారు, కొన్నాళ్ళకు మళ్ళీ అదే వార్త వస్తుంది. ఆ వాక్యం చాలాసార్లు తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం. నేను తిరుపతిలో ఉంటాను. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో పాలు చల్లబరిచే యూనిట్ల నుంచి వచ్చే సమాచారాన్ని తీసుకుని, అది కావాల్సిన వాళ్ళందరికీ చేరవేసే సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తాను. మెసేజ్‌లు ఎంత వేగంగా పోతాయన్నది పంపేవాడి చేతుల్లోనే ఉండదు. అవతల అందుకునేవాళ్ళు ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో అందరికంటే నిదానంగా ఉన్నది ఎవరు, ఆ నిదానస్తుణ్ణి ఏం చేయాలని ముందే అనుకున్నాం, వీటి మీద ఆ వేగం ఆధారపడి ఉంటుంది. మూడో ప్రశ్న మాత్రం మన దగ్గర ఎవరూ అడగడం లేదు, నా బాధంతా దాని గురించే.

ముందే ఒక మాట స్పష్టం చేస్తాను. శ్రీవారి దర్శనం టికెట్ల కోటా విడుదలైన రోజు వెబ్‌సైట్ మీద పడే ఒత్తిడి వేరే రకం. అక్కడ లక్షల మంది ఒకేసారి వచ్చి అడుగుతారు, అడిగిన ప్రతి ఒక్కరికీ జవాబు ఇవ్వాలి కాబట్టి పెద్ద సర్వర్ కావాలంటే అర్థముంది. నేను చెప్పేది ఒకచోట పుట్టిన సమాచారాన్ని ఎవరూ అడగకుండానే పదిచోట్లకు పంపే పద్ధతి గురించి. పంపేవాణ్ణి పబ్లిషర్ అంటాం, అందుకునేవాణ్ణి సబ్‌స్క్రైబర్ అంటాం, చాలాసార్లు ఇద్దరి మధ్యా బ్రోకర్ అనే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. వాన హెచ్చరికలు, బస్సు ఎక్కడుందో చూపించే యాప్‌లు, మార్కెట్ యార్డు ధరలు, ఫ్యాక్టరీల్లో సెన్సర్లు, ఇలాంటివి చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తాయి.

మా పనిలో పబ్లిషర్ అంటే పాల యూనిట్లో గోడకు బిగించిన చిన్న పెట్టె. రైతు పోసిన పాలెన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) ఎంత, ట్యాంకులో ఉష్ణోగ్రత ఎంత, కరెంటు ఉందా పోయిందా, కంప్రెషర్ ఆడుతోందా లేదా, ఇవన్నీ అది పంపుతూ ఉంటుంది. పాలను వీలైనంత త్వరగా 4 డిగ్రీల దాకా చల్లబరచాలి, లేకపోతే పులిసిపోతాయి, కాబట్టి ఈ సమాచారానికి తొందర ఉంది. అవతల కంట్రోల్ రూమ్ తెర ఒకటి అందుకుంటుంది, ట్యాంకర్లను పంపే విభాగం ఒకటి, రైతుల బిల్లు కట్టే ప్రోగ్రామ్ ఒకటి, రైతు ఫోన్‌కు ఎస్ఎంఎస్ పంపేది ఒకటి, నెలవారీ రిపోర్టులు తయారుచేసే డేటాబేస్ ఒకటి. కొత్త అవసరం వచ్చినప్పుడల్లా ఇంకొకటి చేరుతుంది. "ఇంకో సబ్‌స్క్రైబర్‌ను తగిలించండి, పంపేవైపు ఏమీ మార్చక్కర్లేదు కదా" అంటారు మేనేజర్లు. నిజమే, కోడ్ మార్చక్కర్లేదు, ఈ పద్ధతిలో ఉన్న సుఖమే అది. కానీ కోడ్ మారకపోయినా మోయాల్సిన బరువు మారిపోతుంది.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక్కో మెసేజ్ 1 కిలోబైట్, సెకనుకు 10,000 మెసేజ్‌లు. అంటే సెకనుకు 10 మెగాబైట్లు. 1 గిగాబిట్ లైన్ మీద సెకనుకు 125 మెగాబైట్లకు మించి పోవు, హెడర్లవీ తీసేస్తే ఇంకా తక్కువే. ఒక్కరికి పంపేటప్పుడు లైన్‌లో పన్నెండో వంతు కూడా నిండదు, చూసినవాళ్ళు ఇంకా బోలెడు ఖాళీ ఉందనుకుంటారు. అదే పన్నెండు మందికి విడివిడిగా పంపితే 120 మెగాబైట్లయి లైన్ నిండిపోతుంది. పదమూడోవాడు చేరాక సెకనుకు 10,000 పంపడం ఇక కుదరదు, ఎంత గొప్ప ప్రాసెసర్ పెట్టినా కుదరదు, ఎందుకంటే ప్రాసెసర్‌కూ ఆ లైన్‌కూ సంబంధం లేదు. మధ్యలో బ్రోకర్ ఉంటే పబ్లిషర్ ఒక్కసారి పంపితే చాలు, కాపీలు తీసే పని బ్రోకర్ మీద పడుతుంది. బరువు చేతులు మారిందంతే.

రెడిస్ అనే సాఫ్ట్‌వేర్‌ను బ్రోకర్‌గా వాడేవాళ్ళకు ఇది దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది. పబ్లిష్ అనే కమాండ్‌కు పట్టే సమయం ఆ ఛానెల్‌లో ఉన్న సబ్‌స్క్రైబర్ల సంఖ్యను బట్టి పెరుగుతుంది, దానికి తోడు సర్వర్ మొత్తంలో ఉన్న ప్యాటర్న్ సబ్‌స్క్రిప్షన్ల (ఒక్క ఛానెల్ పేరు కాకుండా, ఒక నమూనాకు సరిపోయే పేర్లన్నీ కావాలనేవాటి) సంఖ్యను బట్టి కూడా పెరుగుతుంది. అంటే నా ఛానెల్‌తో సంబంధం లేని ఇంకెవరో నక్షత్రం గుర్తు పెట్టి పదుల కొద్దీ ప్యాటర్న్‌లు చేర్చుకున్నా నేను పంపే ప్రతి మెసేజ్‌కూ ఆ పోలిక చూడాల్సిందే. పైగా రెడిస్ కమాండ్లను ఒకే త్రెడ్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, నడుపుతుంది కాబట్టి ఆ కాస్తసేపు మిగతా పనులన్నీ ఆగుతాయి.

ఇక "అందింది" అని చెప్పించుకోవడం ఇంకో ఖర్చు. పల్లెల్లోని మా పెట్టెలు వాడేది ఎంక్యూటీటీ అనే మెసేజ్‌లు పంపే పద్ధతి. దాన్ని 1999లో ఐబీఎంలోని ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ అనే సంస్థలోని ఆర్లెన్ నిప్పర్ కలిసి తయారుచేశారు, చమురు పైపులైన్ల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ లింకు మీద తక్కువ డేటాతో పంపడం కోసం. అందులో మూడు స్థాయిలున్నాయి. సున్నా అంటే పంపి ఊరుకోవడం. ఒకటి అంటే అందినట్టు జవాబు రావాలి. రెండు అంటే సరిగ్గా ఒక్కసారే చేరినట్టు తేలాలి, దానికి రెండువైపులా కలిపి నాలుగు ప్యాకెట్లు తిరుగుతాయి. చాలామంది "ఎందుకైనా మంచిది" అని అన్నిటికీ రెండు పెట్టేస్తారు. కానీ ఆ నాలుగు ప్యాకెట్ల తంతు పబ్లిషర్‌కూ బ్రోకర్‌కూ మధ్య ఒకసారి, ఆ తర్వాత బ్రోకర్‌కూ ఒక్కో సబ్‌స్క్రైబర్‌కూ మధ్య విడివిడిగా జరుగుతుంది. ట్యాంకు ఉష్ణోగ్రతలాంటి, అర నిమిషానికి ఒకసారి మళ్ళీ వచ్చే అంకెకు అంత బందోబస్తు ఏమిటికి?

సంఖ్య ఒక ఎత్తు, నిదానం ఇంకో ఎత్తు. నా అనుభవంలో ఈ రెండోదే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

పెళ్ళి భోజనాల్లో పంక్తి మర్యాద అందరికీ తెలిసిందే. అందరూ తిని లేస్తేనే ఆకులు తీస్తారు, ఆకులు తీస్తేనే తర్వాతి బంతి కూర్చుంటుంది. ఒక్క పెద్దాయన నిదానంగా పెరుగన్నం తింటుంటే ఆ వరుసలో మిగతా అందరూ తినేసినా సరే, బయట నిలబడ్డ వాళ్ళు ఆగాల్సిందే, వెనకాల వంటవాళ్ళు ఎంత వేగంగా వండితే ఏం లాభం? ప్రతి మెసేజ్ ప్రతి ఒక్కరికీ తప్పకుండా చేరాలని పెట్టుకున్న వ్యవస్థ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. పబ్లిషర్ పంపిన మెసేజ్‌ను వెంటనే పారేయలేడు. ఎవరికైనా దారిలో తప్పిపోతే మళ్ళీ పంపాలి కదా, అందుకని అందరూ "అందింది" అనేదాకా బఫర్‌లో, అంటే తాత్కాలికంగా దాచే చోటులో, ఉంచుకుంటాడు. బఫర్‌కు ఒక హద్దుంటుంది. అందరికంటే నిదానంగా ఉన్న సబ్‌స్క్రైబర్ జవాబు ఇవ్వకపోతే ఆ హద్దు నిండుతుంది, నిండాక కొత్త మెసేజ్ పెట్టడానికి చోటు లేక పబ్లిషర్ ఆగిపోతాడు. అతను ఆగితే వేగంగా అందుకుంటున్న మిగతావాళ్ళకు కూడా ఏమీ రాదు.

డీడీఎస్ అనే ప్రమాణం ఒకటుంది, ఓఎంజీ అనే సంస్థ 2004లో వెలువరించింది, రోబోల్లో వాడే రోస్ 2 మామూలుగా దీని మీదే నడుస్తుంది. అందులో బ్రోకర్ అవసరం లేదు, పబ్లిషర్ నేరుగా సబ్‌స్క్రైబర్లతో మాట్లాడుతాడు, అందుకే ఈ సంగతి ఇంకా సూటిగా కనపడుతుంది. తప్పకుండా చేరాలి, ఏదీ చెరపకూడదు అని రెండూ కలిపి పెట్టుకుంటే, బఫర్ నిండినప్పుడు మెసేజ్‌ను పంపమని చెప్పే రైట్ అనే కాల్ అక్కడే నిలబడిపోతుంది. ఎంతసేపు నిలబడాలో మనం చెప్పకపోతే ప్రమాణం ప్రకారం 100 మిల్లీసెకన్లు, ఆ తర్వాత టైమ్‌ఔట్ అని తిప్పి పంపుతుంది. సెకనుకు 10,000 పంపాల్సిన చోట 100 మిల్లీసెకన్లు ఆగితే 1,000 మెసేజ్‌లు వెనకపడ్డట్టు. అదే చివరి విలువ ఒక్కటి ఉంచితే చాలు అని పెట్టుకుంటే పాతది చెరిగి కొత్తది దాని చోటులోకి వస్తుంది, పబ్లిషర్ ఆగడు, నిదానంగా ఉన్నవాడు మధ్యలోవి కొన్ని కోల్పోతాడు. ఒకే సాఫ్ట్‌వేర్, ఒకే మెషీన్, ఒకే నెట్‌వర్క్, సెట్టింగ్ ఒక్కటే తేడా. దీనికి పెద్ద సర్వర్‌తో పనేముంది?

ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ బిర్మన్, ఆయన సహచరులు 1999లో బైమోడల్ మల్టీకాస్ట్ అనే, ఒక గుంపులోని మెషీన్లన్నిటికీ మెసేజ్ పంపే పద్ధతి మీద రాసిన పరిశోధన పత్రంలో ఈ గొడవంతా ఉంది. పదుల మెషీన్ల గుంపులో ఒక్క మెషీన్ మధ్యమధ్యలో కునికితే చాలు, అప్పట్లో గట్టి నమ్మకమిచ్చే పద్ధతుల్లో గుంపు మొత్తం వేగం పడిపోతుందని, గుంపు పెద్దదయ్యేకొద్దీ అది ఇంకా దారుణమవుతుందని చూపించారు. అది అర్థం చేసుకోవడం కష్టం కూడా కాదు: మెంబర్లు పెరిగేకొద్దీ ఏ క్షణంలోనైనా వాళ్ళలో ఒకడు కునుకుతూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఇరవై అయిదేళ్ళు దాటినా మన టెండర్లలో ఈ ఊసే కనపడదు.

మా దగ్గర జరిగిన ఒక సంగతి చెప్తాను, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. రిపోర్టుల కోసం ఒక కొత్త సబ్‌స్క్రైబర్‌ను చేర్చారు. అది ప్రతి మెసేజ్ రాగానే డేటాబేస్‌లో ఒక వరుస రాసి, అది డిస్కు మీదకు చేరిందని తేలాకే "అందింది" అని చెప్పేది. ఉదయం, సాయంత్రం పాలు పోసే వేళల్లో మెసేజ్‌లు ఒక్కసారిగా పెరుగుతాయి, ఆ వేళల్లో ఇది వెనకపడేది, దాని క్యూ పెరిగి పెరిగి బ్రోకర్ మెమొరీ హద్దు దాటేది. మేము వాడింది రాబిట్ఎంక్యూ అనే బ్రోకర్. మెమొరీ ఒక హద్దు దాటితే (చాలా ఏళ్ళపాటు ఆ హద్దు డిఫాల్ట్‌గా, అంటే మనం ఏమీ మార్చకపోతే, మెషీన్ మెమొరీలో 40 శాతం ఉండేది) తనను తాను కాపాడుకోవడానికి అది పంపేవాళ్ళ కనెక్షన్లను ఆపేస్తుంది, డిస్కులో ఖాళీ తగ్గినా అంతే. ఆపితే అందర్నీ ఆపుతుంది. ఎవరి క్యూ వల్ల నిండిందో వాళ్ళకు పంపేవాణ్ణి మాత్రమే వెతికి ఆపదు. ఉష్ణోగ్రత పంపేవాడూ ఆగాడు, ఫ్యాట్ వివరాలు పంపేవాడూ ఆగాడు, కంప్రెషర్ ఆగిపోయిందని అలారం పంపేవాడూ ఆగాడు. ఒక సాయంత్రం ఒక ఊళ్ళో కంప్రెషర్ ఆగిన సంగతి టెక్నీషియన్‌కు చేరేసరికి ఆలస్యమైపోయి ట్యాంకులో పాలు పులిసిపోయాయి. ఆ పూట పాలు పోసిన ఇళ్ళలో డబ్బు వస్తుందో రాదో అని ఎంత టెన్షన్ పడ్డారో నేను చూశాను. నెల చివర వాళ్ళ చేతికొచ్చే డబ్బు మీద ఎవరో అడిగిన ఒక రిపోర్టు ప్రభావం చూపించింది. ఇది న్యాయం కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

మీటింగ్‌లో అనుకున్నట్టే "సర్వర్ చాలట్లేదు, మెమొరీ రెట్టింపు చేద్దాం" అన్నారు, చేశారు. క్యూ నిండడానికి ఇంకాస్త ఎక్కువసేపు పట్టింది, అంతకుమించి ఏమీ మారలేదు. వచ్చేది ఎక్కువ, తీసుకునేది తక్కువ అయినప్పుడు ఎంత పెద్ద బఫర్ అయినా నిండేదే, ఇవాళ కాకపోతే రేపు. చివరికి పనిచేసింది వేరేది. రిపోర్టుల ప్రోగ్రామ్ ఒక్కో వరుస కాకుండా ఐదొందల చొప్పున కట్టగట్టి రాసేలా మార్చారు, అలారాలను అప్పటికే ఖాళీగా పడి ఉన్న ఒక చిన్న మెషీన్ మీద విడిగా వేరే బ్రోకర్‌తో నడిపించారు. పంపే కనెక్షన్, అందుకునే కనెక్షన్ వేరు చేశారు, ఎందుకంటే ఒకే కనెక్షన్ మీద రెండు పనులూ చేసే ప్రోగ్రామ్‌ను బ్రోకర్ ఆపితే, ఆ ప్రోగ్రామ్ తన దగ్గరికి వచ్చిన మెసేజ్‌లకు "అందింది" అని కూడా చెప్పలేక క్యూ ఇంకా పెరుగుతుంది. వీటిలో దేనికీ కొత్త హార్డ్‌వేర్ కొనలేదు.

ఇది వినగానే తెలిసినవాళ్ళు "కాఫ్కా పెట్టుకోండి, అందులో ఈ సమస్య లేదు" అంటారు. సగం నిజం. లింక్డిన్‌లో పుట్టి 2011లో ఓపెన్ సోర్స్‌గా బయటికొచ్చిన కాఫ్కాలో బ్రోకర్ ఎవరికీ నెట్టదు, మెసేజ్‌లను వరుసగా డిస్కు మీద రాసుకుంటూ పోతుంది, ఎవరికి కావాల్సినవి వాళ్ళే వచ్చి తీసుకుంటారు, ఎక్కడిదాకా చదివారో వాళ్ళే గుర్తుపెట్టుకుంటారు. మామూలుగా 7 రోజులు ఉంచుతుంది. కాబట్టి ఒకడు నిదానంగా ఉన్నంత మాత్రాన పబ్లిషర్‌కు తాళం పడదు, ఆ మేరకు అది నిజంగా గొప్ప డిజైన్. కానీ ఆ నిదానస్తుడు రెండు రోజులు వెనకపడి, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకోవాలని పరుగెత్తినప్పుడు చూడండి. కొత్త మెసేజ్‌లు మెమొరీలోనే ఉంటాయి కాబట్టి వెంటవెంట చదివేవాళ్ళకు డిస్కు అక్కర్లేదు. పాతవి కావాలంటే డిస్కు నుంచి లాగాలి, ఆ పాతవి వచ్చి మెమొరీలో కూర్చుని కొత్తవాటిని తోసేస్తాయి, అదే డిస్కు మీద రాస్తున్న పబ్లిషర్లు నెమ్మదిస్తారు. దీనికి మందు ఉంది, ఒక్కో సబ్‌స్క్రైబర్ సెకనుకు ఎంత లాగవచ్చో కోటా పెట్టవచ్చు, పెట్టేవాళ్ళు మాత్రం తక్కువ.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. గడువు దాటేంతగా వెనకపడ్డవాడికి చదవాల్సిన మెసేజ్ చెరిగిపోయి ఉంటుంది. అప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పే సెట్టింగ్ డిఫాల్ట్‌గా "అన్నిటికంటే కొత్తది" అని ఉంటుంది, అంటే మధ్యలోవన్నీ వదిలేసి చివరికి దూకుతుంది. బిల్లు లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌కు ఇలా జరిగితే రైతు పోసిన పాలకు లెక్కే లేకుండా పోతుంది, ఏ తెర మీదా ఎర్ర లైటు వెలగదు.

పైగా కాఫ్కాలో కాపీలు ఉంచుకునే మిగతా బ్రోకర్లు కూడా ఒక రకంగా సబ్‌స్క్రైబర్లే, అవి కూడా అదే పద్ధతిలో వచ్చి లాక్కుంటాయి. అన్ని కాపీలకూ చేరాకే పంపినట్టు లెక్క అని పబ్లిషర్ పెట్టుకుంటే వాటిలో నిదానంగా ఉన్నదాని వేగమే అతని వేగం. అది మరీ వెనకపడితే, ఇప్పటి డిఫాల్ట్ ప్రకారం 30 సెకన్లకు, దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. ఆ 30 సెకన్లూ అందరూ దాని కోసం ఆగినట్టే.

నిదానస్తుడి విషయంలో వేరే నిర్ణయాలు తీసుకున్న సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. జీరోఎంక్యూలో పబ్లిషర్ దగ్గర ఒక్కో సబ్‌స్క్రైబర్‌కు డిఫాల్ట్‌గా 1,000 మెసేజ్‌ల హద్దు, అది నిండితే అతనికి వెళ్ళాల్సినవి పారేస్తుంది, మిగతావాళ్ళకు ఏమీ కాదు. నాట్స్ సర్వర్ నిదానంగా ఉన్నవాడి కనెక్షన్ తెంపేస్తుంది. రెడిస్ కూడా అంతే, సబ్‌స్క్రైబర్ కోసం దాచినది 32 మెగాబైట్లు దాటినా, 8 మెగాబైట్ల పైన 60 సెకన్లపాటు ఉన్నా తెంపేస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళకు ఇది మొరటుగా అనిపించవచ్చు, నాకైతే చాలా చోట్ల ఇదే సరైన పని అనిపిస్తుంది. తెగిపోయినవాడికి తను తెగిపోయానని తెలుస్తుంది, మళ్ళీ కలుపుకుంటాడు, ఆపరేటర్‌కు అలారం వెళ్తుంది, మిగతా అందరికీ సమాచారం ఆగకుండా అందుతుంది. ఎవరికీ చెప్పకుండా అందర్నీ నిదానం చేసే వ్యవస్థ కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

ఏది మంచిదన్నది మెసేజ్‌ను బట్టే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని మన బదులు నిర్ణయించలేదు. ట్యాంకు ఉష్ణోగ్రతకు తాజా విలువ చాలు, మధ్యలో రెండు పోతే నష్టం లేదు, దాని కోసం ఎవర్నీ ఆపకూడదు. ఫ్యాట్ రీడింగ్ ఒక్కటి కూడా పోకూడదు, కానీ గంట ఆలస్యమైనా పరవాలేదు, కాబట్టి డిస్కు మీద రాసి దాచుకునే దారిలో పంపాలి. కంప్రెషర్ అలారం పోనూ కూడదు, ఆలస్యమూ కాకూడదు, దానికి సబ్‌స్క్రైబర్లను వీలైనంత తక్కువమందిని పెట్టి, ఒక్కరు కునికినా వేరే దారిన వెళ్ళేలా చూడాలి. మూడూ ఒకే గొట్టంలో, ఒకే సెట్టింగ్‌తో పోస్తే మూడిట్లో దేనికీ న్యాయం జరగదు. ఇది పాల సంగతే కాదు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అయినా, ఆసుపత్రి అయినా, వాన హెచ్చరిక అయినా ఇంతే.

వాన హెచ్చరిక అంటే గుర్తొచ్చింది. 2021 నవంబరులో తిరుపతిలో వీధులు వాగులైనప్పుడు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళను ఖాళీ చేయించినప్పుడు, సమాచారం ఒక్కో నిమిషం ఎంత విలువైందో ఈ జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎస్ఎంఎస్ ఒక్కో ఫోన్‌కు విడిగా వెళ్తుంది. ఫోన్ ఆఫ్‌లో ఉంటే దాచిపెట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాలి. లక్ష ఫోన్లంటే లక్షసార్లు. 2023లో దేశంలో సెల్ బ్రాడ్‌కాస్ట్ పరీక్షలు చేశారు, ఫోన్లు పెద్ద శబ్దంతో మోగి తెర మీద పరీక్ష సందేశం కనపడింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో టవర్ ఒకసారి ప్రసారం చేస్తే దాని పరిధిలోని ఫోన్లన్నీ వింటాయి, ఏ ఫోనూ "అందింది" అని జవాబు ఇవ్వదు. కాబట్టి కింద వంద ఫోన్లున్నా పదివేలున్నా టవర్‌కు పడే బరువు ఒకటే. సబ్‌స్క్రైబర్ల సంఖ్య పంపే వేగాన్ని తాకకుండా చేయాలంటే ఇదొక దారి. దానికి చెల్లించే మూల్యం ఏమిటంటే ఎవరికి చేరిందో ఎవరికి చేరలేదో తెలియదు. అందుకే ప్రజలందరికీ బ్రాడ్‌కాస్ట్, గేట్లు ఎత్తాల్సిన ఇంజనీర్లకు, పోలీసులకు, సచివాలయ సిబ్బందికి మాత్రం జవాబు అడిగే మెసేజ్, ఇలా రెండు దారులుండాలి. అందరికీ జవాబు అడిగే దారే పెడితే అది సరిగ్గా వాన పడ్డ రోజే ఆగిపోతుంది, ఎందుకంటే ఆ రోజే చాలా ఫోన్లు ఛార్జింగ్ లేక ఆఫ్ అవుతాయి.

కంప్యూటర్ నెట్‌వర్కుల్లోనూ మల్టీకాస్ట్ అని ఇలాంటిదే ఒకటుంది, ఒకసారి పంపితే స్విచ్‌లే కాపీలు తీస్తాయి. ఫ్యాక్టరీ లోపల వైర్ల మీద బాగా పనికొస్తుంది. వైఫై మీద నమ్ముకోవద్దు, అక్కడ మల్టీకాస్ట్‌ను మామూలుగా తక్కువ వేగంతో, జవాబు లేకుండా పంపుతారు, మొత్తం గాలినే ఆక్రమించేస్తుంది.

ఇప్పుడు నా విన్నపం. టెండర్ పత్రాల్లో "సెకనుకు ఇన్ని మెసేజ్‌లు" అని ఒక అంకె రాస్తారు. ఎంతమంది సబ్‌స్క్రైబర్లు ఉండగా, ఎంత సైజు మెసేజ్, "అందింది" అని చెప్పించుకున్నాక కొలిచారా చెప్పించుకోకుండా కొలిచారా, ఇవి పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఒకే మెషీన్ మీద పబ్లిషర్‌నూ, ఏ పనీ చేయని ఒకే ఒక్క సబ్‌స్క్రైబర్‌నూ పెట్టి కొలిస్తే ఎవరికైనా అందమైన అంకె వస్తుంది. మన రెండు జిల్లాల్లో ఏ శాఖ ఇలాంటిది కొన్నా, ముందు ఒక్క సబ్‌స్క్రైబర్‌తో, తర్వాత అసలు ఉండబోయే సంఖ్యతో, ఆ తర్వాత దానికి రెట్టింపుతో, చివరికి అందులో ఒకణ్ణి కావాలని కునికిస్తూ కొలిచి చూపించమని అడగాలి. ఆ చివరి పరీక్షలో పబ్లిషర్ గ్రాఫ్ పడిపోతే, ఎందుకు పడింది, అది మనం కోరుకున్నదేనా అని సంతకం పెట్టకముందే తేల్చుకోవాలి.

కాలేజీలకూ ఒక మాట. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ దగ్గర్నుంచి, పద్మావతి మహిళా యూనివర్సిటీ, 2015లో వచ్చిన ఐఐటీ, చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల దాకా ఈ ఊళ్ళో కంప్యూటర్ చదివే పిల్లలకు కొదవ లేదు. మా దగ్గరకు ఉద్యోగానికొచ్చే పిల్లలు తెలివైనవాళ్ళు, కానీ వాళ్ళ ఫైనలియర్ ప్రాజెక్టులో ఒక పబ్లిషర్, ఒక సబ్‌స్క్రైబర్, తెర మీద ఒక మెసేజ్, అక్కడితో అయిపోతుంది. సబ్‌స్క్రైబర్ కోడ్‌లో ఒక్క లైను చేర్పించండి చాలు, ప్రతి మెసేజ్‌కూ 50 మిల్లీసెకన్లు ఆగమని. ఇక అది సెకనుకు 20 మెసేజ్‌లకు మించి తీసుకోలేదు. అటువైపు సెకనుకు వెయ్యి పంపిస్తూ, క్యూ ఎలా పెరుగుతుందో, పబ్లిషర్ ఏ నిమిషంలో ఆగుతాడో, పక్కనున్న వేగమైన సబ్‌స్క్రైబర్‌కు ఏమవుతుందో గ్రాఫ్ గీయమనండి. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో అయిపోయే పని, లాప్‌టాప్ ఒక్కటి చాలు, ఇది చూసిన పిల్లవాడు రేపు ఎక్కడ ఉద్యోగం చేసినా మెమొరీ రెట్టింపు చేయమని చెప్పే ముందు ఆగి ఆలోచిస్తాడు.

సంపాదకుల గారూ, మీ విలేకరులకు ఒక్క చిన్న సాయం చేయమని చెప్పండి. ఈసారి ఎవరైనా అధికారి సర్వర్ చాలక మెసేజ్‌లు ఆలస్యమయ్యాయంటే, అందుకునేవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో ఒకరు ఆగిపోతే మిగతావాళ్ళకు ఏమయ్యేలా పెట్టారు అని ఈ రెండు ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు వేయండి. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు, డిసెంబరు మధ్యలోనే వస్తాయి కాబట్టి, హెచ్చరికల వ్యవస్థ నడిపేవాళ్ళను ఈ ప్రశ్నలు సెప్టెంబరు లోపే అడిగితే సరిదిద్దుకోవడానికి వాళ్ళకూ వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కొర్లగుంట, తిరుపతి